వడదెబ్బ, మెదడు నీరు – మూగజీవాలు నేర్పిన పాఠం



ఎండాకాలంలో ఓ.పి.కి వచ్చేవారు తరచుగా చెప్పే మాట, "కొంచెం ఎండ తగిలింది డాక్టరుగారూ, అంతే" అని. చాలామందికి అది నిజంగా అంతే. నీడన కూర్చుని ఉప్పు వేసిన మజ్జిగ తాగితే సాయంత్రానికి కోలుకుంటారు. కాని కొద్దిమందిలో ఆ ఎండ మెదడు దాకా వెళుతుంది. దానినే వడదెబ్బ అంటాం. ఈ రెండింటికీ తేడా ఇంట్లోవారు గుర్తుపట్టగలిగితే ఒక ప్రాణం నిలుస్తుంది. అందుకే ఈ పాఠం.

వేడి తలకెక్కితే

బేగంపేట వాతావరణ కేంద్రం మన ఎస్.ఆర్. నగర్‌కు ఎంతో దూరంలో లేదు. అక్కడ 1966 జూన్ 2న 45.5 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు.

పరిశుద్ధ గ్రంథంలో 2 రాజులు 4వ అధ్యాయం తీసి చదవండి. షూనేమీయురాలి కుమారుడు కోతకాలంలో తండ్రి దగ్గరకు పొలానికి వెళ్లాడు. అక్కడ తల గురించి బాధ చెప్పుకున్నాడు. పనివాడు ఇంటికి మోసుకొచ్చాడు. మధ్యాహ్నం వరకు తల్లి ఒడిలో ఉండి చనిపోయాడు. ఆ జబ్బు పేరు గ్రంథంలో లేదు. అయితే అది వడదెబ్బే అయివుంటుందని చాలామంది వ్యాఖ్యాతలు తలుస్తారు. కోతకాలం, ఎండ, తల బాధ, కొద్ది గంటల్లో మరణం - ఈ వరుస వైద్యులకు బాగా తెలిసినదే.

ఒళ్లంతా ఎండలో ఉంటే దెబ్బ తలకే ఎందుకు తగులుతుంది? జవాబు మెదడు చుట్టూ ఉండే నీటిలో ఉంది.

మెదడు నీరు అంటే ఏమిటి?

మన మెదడు పుర్రెలో ఊరికే కూర్చుని లేదు. అది ఒక తేటనీటిలో తేలుతూ ఉంటుంది. పాఠ్యపుస్తకాలలో దీనిని మస్తిష్క మేరుద్రవం అంటారు. మనం మెదడు నీరు అందాం. పెద్దవారిలో ఇది సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న టీ గ్లాసు నిండా ఉంటుంది. రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతుంది. పాతది రక్తంలోకి పోతుంది. ఈ విధంగా రోజుకు మూడు నాలుగుసార్లు నీరు మారుతూ ఉంటుంది.

ఈ నీటిలో కలిసే ప్రతి పదార్థానికీ ఒక కొలత ఉంది. సోడియం అనే ఉప్పు రక్తంలో ఉన్నంతే, లీటరుకు సుమారు 140 మిల్లీమోల్స్ ఉంటుంది. పొటాషియం రక్తంలో కంటే తక్కువ. కాల్షియం రక్తంలో ఉన్నదానిలో సగం. గ్లూకోజ్ సుమారు మూడింట రెండు వంతులు. ప్రొటీన్లు లేనట్టే. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న ఒక సన్నని అడ్డుగోడ ఈ కొలతలను కాపాడుతుంది. మనం ఏమి తిన్నా, ఏమి తాగినా అది నేరుగా మెదడులోకి పోకుండా ఈ గోడ కావలి కాస్తుంది.

ఎండ దెబ్బ ఈ కొలతల మీద, ఈ గోడ మీద పడుతుంది. ఇది మనుషుల మీద పరీక్షించి తెలుసుకోగల సంగతి కాదు. చాలావరకు మూగజీవాల ద్వారానే తెలిసింది.

మేక చెప్పిన సంగతి: దాహం మెదడులో పుడుతుంది

1950వ దశకంలో స్వీడన్ దేశంలో ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞుడు మేకల మీద ఒక పరీక్ష చేశాడు. మెదడు అడుగున హైపోథలామస్ అనే భాగం ఉంది. దాహం, శరీర వేడి రెండింటినీ చూసుకునేది అదే. అక్కడ కొద్ది బొట్లు గాఢమైన ఉప్పునీరు ఎక్కించగానే, దాహం లేని మేకలు సైతం ఆత్రంగా నీళ్లు తాగాయి. ఆ భాగాన్ని కొంచెం వేడిచేసినా నీళ్లు తాగాయి.

దీని అర్థం ఏమిటి? చెమటలో ఉప్పు తక్కువ, నీరు ఎక్కువ. కాబట్టి చెమట పోతున్నకొద్దీ రక్తం చిక్కబడుతుంది. చిక్కబడిన రక్తం మెదడు నీటి నుంచి కూడా నీటిని లాక్కుంటుంది. అక్కడ ఉప్పు పెరుగుతుంది. వెంటనే హైపోథలామస్ "నీళ్లు తాగు" అని ఆజ్ఞ ఇస్తుంది. నోరు ఎండిపోవడం కంటే లోతైన కబురు ఇది.

వయసు పైబడినవారిలో ఈ కబురు బలహీనపడుతుంది. ఒంట్లో నీరు తగ్గినా వారికి దాహం వేయదు. "అమ్మ అడగలేదు కదా" అని ఊరుకోకూడదు. గంటకొకసారి మనమే గ్లాసు చేతికివ్వాలి.

పిల్లులు చెప్పిన సంగతి: జ్వరం వేరు, వడదెబ్బ వేరు

1970లో ఫెల్డ్‌బర్గ్, మైయర్స్, వీల్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు పిల్లుల మెదడు గదులలో వేరువేరు ఉప్పు ద్రవాలను పారించి చూశారు. సోడియం మాత్రమే ఉన్న ద్రవం పారించినప్పుడు పిల్లి ఒళ్లు వేడెక్కింది. అందులో కాల్షియం చేర్చితే ఆ వేడి రాలేదు. శరీరపు వేడి ఎంత ఉండాలనే నిర్ణయంలో మెదడు నీటిలోని ఉప్పుల పాళ్లకు కూడా భాగముందని దీనివల్ల తెలిసింది. (దీనికోసం కాల్షియం మాత్రలు మింగవలసిన పని లేదు. అడ్డుగోడ ఉన్నదే అందుకు.)

1973లో ఫెల్డ్‌బర్గ్, గుప్త అనేవారు మరొక సంగతి చూపించారు. సూక్ష్మజీవుల విషం వల్ల పిల్లికి జ్వరం వచ్చినప్పుడు దాని మెదడు నీటిలో ప్రోస్టాగ్లాండిన్ వంటి పదార్థం పెరిగింది. జ్వరం తగ్గించే మాత్ర వేస్తే ఆ పదార్థమూ తగ్గింది, జ్వరమూ తగ్గింది.

ఇక్కడే మనకు పనికివచ్చే పాఠముంది. జ్వరంలో మెదడే వేడి హద్దును పైకి జరుపుతుంది. పారాసిటమాల్ మాత్ర ఆ హద్దును కిందికి దించుతుంది. వడదెబ్బలో హద్దు జరగలేదు, బయటి వేడి లోపలికి వచ్చి చేరింది. ఒళ్లు చల్లబరిచే ఏర్పాటు చేతులెత్తేసింది. అందుచేత వడదెబ్బకు జ్వరం మాత్ర పనిచేయదు. పైగా కాలేయం, కిడ్నీలు అప్పటికే ఒత్తిడిలో ఉంటాయి. మాత్ర వేసి "చెమట పట్టి తగ్గుతుందిలే" అని కూర్చుంటే విలువైన సమయం పోతుంది.

ఎలుకలు చెప్పిన సంగతి: గోడకు గడువు ఉంది

1980వ దశకంలో వారణాసిలోని కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో హరిశంకర్ శర్మ, పి.కె. డే అనే శాస్త్రజ్ఞులు లేత వయసు ఎలుకలను 38 డిగ్రీల వేడిలో ఉంచారు. మన నగరంలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలకు 38 డిగ్రీలు మామూలే. ఎలుకల రక్తంలోకి ఒక నీలిరంగు ఎక్కించారు. అడ్డుగోడ గట్టిగా ఉంటే ఆ రంగు మెదడులోకి పోదు.

ఒక గంట, రెండు గంటలు ఉంచిన ఎలుకల మెదడు మామూలుగానే ఉంది. నాలుగు గంటలు ఉంచిన ఎలుకల మెదడులో కొన్ని భాగాలు నీలంగా మారాయి. గోడ తెరుచుకుంది. సెరటోనిన్ అనే రసాయనం మెదడులోను, రక్తంలోను పెరిగింది. సెరటోనిన్ తయారీని ముందుగానే ఆపే మందు ఇచ్చిన ఎలుకలలో గోడ నిలిచింది. అంటే వేడి ఒక్కటే కాదు, ఆ వేడి రేపిన రసాయనాలు కూడా గోడను పాడుచేస్తాయి.

గోడ తెరుచుకుంటే రక్తంలోని ప్రొటీన్లు మెదడులోకి జారుతాయి. వాటి వెంట నీరు పోతుంది. మెదడు ఉబ్బుతుంది. పుర్రె ఎముక పక్కకు జరిగేది కాదు గనుక ఒత్తిడి మెదడు మీదే పడుతుంది. మాట తడబడటం, ఫిట్స్, స్పృహ తప్పడం దీనినుంచే వస్తాయి. మనిషిలో ముందుగా దెబ్బతినే వాటిలో చిన్నమెదడులోని కణాలు ఉన్నాయి. బతికి బయటపడిన కొందరికి నడకలో తూలడం, మాట ముద్దగా రావడం మిగిలిపోయేది అందుకే.

ఎలుకకు నాలుగు గంటలు పట్టింది గనుక మనకూ నాలుగు గంటలు ఉన్నాయని అనుకోవద్దు. ఎండలో బరువు పని చేసే యువకునికి అంతకంటే తక్కువ సమయమే చాలు. వేడి ఎంత, ఎంతసేపు అనే రెండూ కలిసి గోడను తీస్తాయి. ఎంత త్వరగా చల్లబరిస్తే అంత మెదడు మిగులుతుంది. ఈ పాఠంలో ఇంకేమి మరచినా ఈ ఒక్క మాట మరువకండి.

దేవుడు ఒక్కొక్క ప్రాణికి ఒక్కొక్క ఏర్పాటు చేశాడు

మేక, గొర్రె, ఆవు వంటి వాటికి మెదడు అడుగున సన్నని రక్తనాళాల వల ఒకటి ఉంది. ముక్కులో చల్లబడిన రక్తం ఆ వల చుట్టూ చేరి, మెదడుకు వెళ్లే వేడి రక్తాన్ని చల్లబరుస్తుంది. 1968లో బేకర్, హేవార్డ్ అనేవారు గొర్రెలలో దీనిని కొలిచి చూపించారు. ఎండలో మేక రొప్పుతుంటే అది తన మెదడును చల్లార్చుకుంటున్నదని అర్థం.

గేదెకు నల్లని చర్మం, చెమట గ్రంథులు తక్కువ. అందుకే చెరువులో, బురదలో పడుకుంటుంది. కోడికి చెమట గ్రంథులే లేవు. నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినకొద్దీ రక్తంలోని బొగ్గుపులుసు వాయువు బయటకు పోతుంది. ఈ వాయువు అడ్డుగోడను సులభంగా దాటుతుంది గనుక మెదడు నీటి ఆమ్లగుణం కూడా మారిపోతుంది. ఎండాకాలంలో గుడ్డు పెంకులు పలుచబడటానికి కూడా ఈ రొప్పడమే ఒక కారణం.

మనిషికి ఆ వల లేదు, బొచ్చు లేదు. మనకున్నది చెమట ఒక్కటే. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది కాని ఆరదు. తలుపులు, కిటికీలు మూసిన గదిలో కూలర్ నడిపితే కొద్దిసేపటికి ఉక్కపోత పెరిగేది ఇందుకే. కూలర్ పెట్టినప్పుడు ఎదుటి కిటికీ తెరిచి ఉంచండి.

మన పేటలో ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

- అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే పిల్లలు, ముఖ్యంగా పై అంతస్తులోను, డాబా మీది రేకుల గదులలోను ఉండేవారు. రాత్రిపూట కూడా ఆ గదులు చల్లబడవు. పైకప్పుకు తెల్ల సున్నం వేయించమని యజమానిని అడగండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది కూడా ఇందుకే.
- భవన నిర్మాణ కూలీలు, తోపుడుబండ్లవారు, ఎర్రగడ్డ రైతుబజారుకు సరుకు తెచ్చేవారు, వాచ్‌మెన్లు, మోటారుసైకిలు మీద డెలివరీ చేసే యువకులు.
- వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు, మద్యం తాగేవారు.
- కొన్ని మందులు వాడేవారు. బి.పి.కి నీరు పోయే మాత్రలు వాడేవారిలో నీరు, ఉప్పు త్వరగా తగ్గుతాయి. మానసిక వ్యాధులకు ఇచ్చే కొన్ని మందులు చెమటను తగ్గిస్తాయి. లిథియం వాడేవారిలో ఒంట్లో నీరు తగ్గితే ఆ మందు రక్తంలో పెరిగి విషమవుతుంది. మందు సొంతంగా ఆపవద్దు. ఎండలు ముదరకముందే మీ డాక్టరును కలిసి అడగండి.

వడదెబ్బను గుర్తుపట్టడం ఎలా?

నీరసం, తలనొప్పి, వికారం, కండరాలు పట్టేయడం ఉండి, మనిషి సరిగా మాట్లాడుతుంటే అది ఎండ బడలిక. నీడ, నీరు, ఉప్పు, విశ్రాంతి చాలు. గంటలో తేలికపడకపోతే ఆసుపత్రికి రండి.

ఒళ్లు కాలిపోతూ (104 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 40 డిగ్రీల సెల్సియస్, ఆ పైన) మనిషి ప్రవర్తన మారితే అది వడదెబ్బ. సంబంధం లేని మాటలు, అకారణ కోపం, తికమక, తాగినవాడిలా తూలడం, ఫిట్స్, పిలిస్తే పలకకపోవడం - ఇవి మెదడు లక్షణాలు. "తాగి ఉన్నాడు", "గాలి సోకింది", "నిద్రపోతున్నాడులే" అని వదిలేయవద్దు. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోవద్దు. కష్టపడి పనిచేసేవారిలో చెమట పడుతుండగానే వడదెబ్బ తగలవచ్చు.

వెంటనే చేయవలసినవి

1. నీడకు చేర్చండి. ఒకరు 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేవరకు చేతులు కట్టుకుని నిలబడవద్దు. ముందు చల్లబరచడం, తరువాత తరలించడం.
2. పైబట్టలు తీసి, బకెట్లతో నీళ్లు ఒళ్లంతా పోయండి. తడిగుడ్డ కప్పి ఫ్యాన్ వేయండి, లేదా అట్టతో విసరండి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడ పక్కల, చంకలలో, గజ్జలలో పెట్టండి.
3. స్పృహ లేకపోతే ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు, కాఫీ, ఏమీ పోయవద్దు. ఊపిరితిత్తులలోకి పోతుంది.
4. ఆటోలోగాని అంబులెన్సులోగాని దారి పొడవునా తడుపుతూనే ఉండండి.

జ్వరం మాత్రలు, ఆస్పిరిన్ వేయవద్దు. ఉల్లిరసం పూయడం కోసం సమయం పోగొట్టవద్దు. ఆ సమయంలో నాలుగు బకెట్ల నీళ్లు పోయవచ్చు.

ఏమి తాగాలి?

చెమటలో నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. గంటల తరబడి చెమటోడ్చి ఉత్త నీళ్లే విపరీతంగా తాగితే రక్తంలో సోడియం పలుచబడుతుంది. అప్పుడు నీరు మెదడులోకి చేరి, అదీ వాపునకు దారితీస్తుంది. నీరు తక్కువైనా ప్రమాదమే, ఉప్పు లేని నీరు మితిమీరినా ప్రమాదమే. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, నిమ్మరసంలో చిటికెడు ఉప్పు, చిటికెడు పంచదార మంచివి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కాబట్టి దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి. ఉప్పు మాత్రలు వద్దు.

ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ మీద ఎంత నీటిలో కలపమని ఉంటే అంతే కలపండి. 20.5 గ్రాముల ప్యాకెట్‌ను ఒక లీటరు నీటిలో కలపాలి. 24 గంటల తరువాత పారబోయాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీటిలో సమంగా గీసిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (టీ చెంచాతో) కలపండి. 2025 అక్టోబరులో, సరైన పాళ్లు లేని తీపి పానీయాల మీద ఓ.ఆర్.ఎస్. అనే పేరు వాడరాదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. దాని వెనుక మన హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారి ఏళ్ల తరబడి పోరాటం ఉంది. అట్టపెట్టె పానీయం కొనేముందు వెనుక రాసింది చదవండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు, షుగరు, బి.పి. ఉన్నవారు నీటి, ఉప్పు కొలతను తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

"వెన్నులో నీరు తీస్తామంటున్నారు" అంటే భయపడాలా?

జ్వరం, తికమక ఉన్న రోగికి వచ్చింది వడదెబ్బా, మెదడు పొరల వాపా (మెనింజైటిస్) అనేది చూడగానే చెప్పలేం. అవసరమైతే డాక్టరు నడుము దగ్గర సూదితో కొద్దిగా మెదడు నీరు తీసి పరీక్షకు పంపుతారు. సూక్ష్మజీవుల వల్ల వచ్చిన మెనింజైటిస్‌లో తెల్లకణాలు, ప్రొటీన్ బాగా పెరిగి గ్లూకోజ్ తగ్గుతుంది. వడదెబ్బలో చాలామందికి ఆ నీరు దాదాపు మామూలుగానే ఉంటుంది. "కాళ్లు పడిపోతాయి" అనే భయం వద్దు. వెన్నుపాము ముగిసిన చోటికి కిందనే సూది వేస్తారు. తీసిన నీరు మళ్లీ ఊరుతుంది. చికిత్స దారి మార్చగల పరీక్ష ఇది.

మూగజీవాల రుణం

మేకలు, పిల్లులు, ఎలుకలు ఇచ్చిన జ్ఞానం ఇది. సామెతలు 12వ అధ్యాయం 10వ వచనం ఇంట్లో అందరూ చదవండి. గేటు బయట ఒక మట్టి తొట్టిలో నీళ్లు, డాబా మీద పిట్టలకొక మూకుడు పెట్టండి. పెంపుడు కుక్కను ఎండపూట రోడ్డు మీదికి తీసుకుపోవద్దు. కుక్కనుగాని, పసిబిడ్డనుగాని నిలిపిన కారులో ఐదు నిమిషాలకైనా వదలవద్దు.

కుటుంబంగా మాట్లాడుకోండి

1. మన ఇంట్లో, మన వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవారెవరు? మధ్యాహ్నం వారిని ఎవరు పలకరిస్తారు?
2. ఒళ్లు కాలుతూ మాట తడబడితే మొదట చేయవలసింది ఏమిటి?
3. వడదెబ్బకు జ్వరం మాత్ర ఎందుకు పనిచేయదు?
4. మన ఇంట్లో ఎవరైనా లిథియం, నీరు పోయే మాత్రలు వాడుతున్నారా?

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీ వాచ్‌మెన్‌కు, పనిమనిషికి, హాస్టలులో ఉన్న మీ బంధువుల పిల్లలకు చదివి వినిపించండి. ఈ వేసవి ఎండల నుంచి ప్రభువు మిమ్మును, మీ కుటుంబాలను కాపాడునుగాక.